రెండో షాపు తెరిచి ఉంటేనే రేటు దిగుతుంది: గ్రాఫిక్స్ కార్డుల ముప్పై ఏళ్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ గ్రాఫిక్స్ కార్డుల గురించి. ఏ కార్డు కొనాలో చెప్పే వీడియో కాదు ఇది, అలాంటివి మీకు బోలెడు దొరుకుతాయి. ఈ కార్డులకు ఇంత రేటు ఎందుకొచ్చింది, మధ్యలో ఎప్పుడు తగ్గింది, ఎవరి దెబ్బకు తగ్గింది, ఇది చెప్పుకుందాం. అమెరికాలో మొదలైన కథ చివరికి మన షాబాద్ మండలం చందనవెల్లి దగ్గరికి వస్తుంది. అక్కడికి ఎలా వస్తుందో చూద్దాం.

ముందు ఒక మాట. షాబాద్ అనగానే చాలామందికి ఇంట్లో నేల మీద పరిచే బండలు గుర్తొస్తాయి. ఆ బండల పేరు కర్ణాటకలోని షహాబాద్ నుంచి వచ్చింది. మనం మాట్లాడేది రంగారెడ్డి జిల్లాలో, చేవెళ్ల పక్కనున్న షాబాద్ గురించి. ఇక్కడ ఇంజినీరింగ్ చదివే ఒక కుర్రాడికి గేమింగ్ కోసమో, వీడియో ఎడిటింగ్ కోసమో, ఏఐ నేర్చుకోవడానికో ఒక కార్డు కావాలనుకోండి. చేవెళ్ల, మొయినాబాద్ మీదుగా సిటీకి పోయి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీలో నాలుగు షాపులు తిరుగుతాడు. ఒక షాపుకూ ఇంకో షాపుకూ వెయ్యి, రెండు వేలు తేడా వస్తుంది. కానీ అసలు రేటు ఆ షాపులో పుట్టదు. షాపువాడు బేరానికి దిగినా, దిగకపోయినా, కార్డు లోపలి చిప్ తయారుచేసే రెండు మూడు కంపెనీల మధ్య జరిగిన పోటీలోనే ఆ రేటు ముందే తేలిపోయి ఉంటుంది.

ఈ లెక్క మన దగ్గర పూలు పండించే రైతులకు బాగా తెలుసు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. కొనేవాళ్లు పదిమంది ఉన్న రోజు రైతుకు రేటు వస్తుంది. ఒక్కడే ఉన్న రోజు వాడు చెప్పిందే రేటు. గ్రాఫిక్స్ కార్డుల్లో ఇదే లెక్క తిరగబడి ఉంటుంది. అక్కడ కొనేవాళ్లు కోట్లమంది, చిప్ చేసేవాళ్లు ఇద్దరు ముగ్గురు.

మొదట్లో ఇలా లేదు. 1990ల మధ్యలో గ్రాఫిక్స్ చిప్‌లు చేసే కంపెనీలు చాలానే ఉండేవి. ఎస్3, ఏటీఐ, మ్యాట్రాక్స్, ట్రైడెంట్, సిరస్ లాజిక్, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. 1993లో పుట్టిన ఎన్విడియా అప్పటికి చిన్న కంపెనీ. 1996లో 3డీఎఫ్ఎక్స్ అనే కంపెనీ వూడూ చిప్ తెచ్చింది. అప్పటిదాకా ఇంట్లో కంప్యూటర్‌లో 3డీ గేమ్ అంటే గతుకుల రోడ్డు మీద ఆటో ప్రయాణం లాంటిది. వూడూతో అది తారురోడ్డు ఎక్కింది. రెండు మూడేళ్లపాటు గేమింగ్ కార్డు అంటే వూడూనే.

మరి 3డీఎఫ్ఎక్స్ ఏమైపోయింది? అప్పట్లో అది చిప్ మాత్రమే చేసేది. ఆ చిప్ కొనుక్కుని కార్డు తయారుచేసి అమ్మే కంపెనీలు వేరే ఉండేవి. 1998 డిసెంబర్‌లో ఎస్‌టీబీ అనే కార్డుల కంపెనీని కొంటున్నామని, ఇకపై కార్డులు తామే చేసుకుంటామని 3డీఎఫ్ఎక్స్ ప్రకటించింది. అంటే నిన్నటిదాకా తన సరుకు కొన్నవాళ్లకే తను పోటీదారు అయిపోయింది. వాళ్లేం చేస్తారు? ఎన్విడియా గుమ్మం తొక్కారు. ఎన్విడియా ఏడాది తిరక్కుండా కొత్త చిప్‌లు దించుతూ పోయింది. 1999లో జీఫోర్స్ 256 వచ్చింది. జీపీయూ అనే మాటను జనంలోకి తెచ్చింది ఈ చిప్ ప్రచారమే. 2000 డిసెంబర్‌లో 3డీఎఫ్ఎక్స్ ముఖ్యమైన ఆస్తులను కొనేస్తున్నట్టు ఎన్విడియా ప్రకటించింది. నాలుగేళ్లలో రాజు వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. హై ఎండ్ కార్డుల బరిలో చివరికి మిగిలింది ఇద్దరు. ఎన్విడియా, కెనడాకు చెందిన ఏటీఐ.

ఈ కథలో ఒక తెలుగాయన ఉన్నారు. పేరు రాజా కోడూరి. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజినీరింగ్, ఐఐటీ ఖరగ్‌పూర్‌లో ఎంటెక్. 1996లో ఎస్3లో చేరి, 2001లో ఏటీఐకి వచ్చారు. ఈయన పేరు గుర్తుపెట్టుకోండి, ఇంకో రెండు మలుపుల్లో మళ్లీ కనబడతారు.

2002లో ఏటీఐ నుంచి రేడియాన్ 9700 ప్రో వచ్చింది. ధర 399 డాలర్లు. అప్పటికి ఎన్విడియా దగ్గరున్న పెద్ద కార్డును అది దాటేసింది. ఎన్విడియా జవాబు, జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800, లేటుగా 2003లో వచ్చింది. దాని ఫ్యాన్ మోత మీద అప్పటి గేమర్లు వేసిన జోకులు ఇప్పటికీ తిరుగుతుంటాయి.

ఇద్దరే మిగిలితే పోటీ ఇంకా గట్టిగా ఉంటుంది అనుకుంటాం. అన్నిసార్లూ ఉండదు. 2006 చివర్లో అమెరికా న్యాయశాఖ ఎన్విడియాకు, అప్పటికే ఏటీఐని కొనేసిన ఏఎండీకి నోటీసులు పంపింది. గ్రాఫిక్స్ చిప్‌ల వ్యాపారంలో పోటీ చట్టాలు దాటారా అన్నది విచారణ. వెంటనే కొనుగోలుదారులు కూడా కోర్టుకెక్కారు. రెండు కంపెనీలూ కూడబలుక్కుని ధరలు నిలబెడుతున్నాయన్నది వాళ్ల ఆరోపణ. ఆ కేసులో 2002 నాటి ఒక ఈమెయిల్ బయటపడింది. ఎన్విడియా మార్కెటింగ్ అధికారి ఏటీఐ అధికారికి రాసింది. మనం పోటీదారులమే అయినా, మన రంగానికి గౌరవం తెచ్చే పని కలిసి చేయాలి అన్నది దాని సారం. 2008లో రెండు కంపెనీలూ చెరో 8,50,000 డాలర్లు కట్టి కొనుగోలుదారులతో రాజీ చేసుకున్నాయి. న్యాయశాఖ విచారణ ఏ చర్యా లేకుండానే ముగిసింది. కాబట్టి నేరం రుజువైందని ఎవరూ అనలేరు. కానీ ఒక విషయం మనకు అర్థమవుతుంది. బజారులో ఇద్దరే ఉన్నప్పుడు, ఒకరి రేటు చూసి ఇంకొకరు రేటు పెట్టుకోవడానికి పెద్ద కుట్ర అక్కర్లేదు. పక్క షాపు బోర్డు చూస్తే చాలు.

విచిత్రం ఏంటంటే, ఆ రాజీ జరిగిన 2008లోనే ఈ రంగంలో అన్నిటికంటే గట్టి ధరల యుద్ధం కూడా జరిగింది. ఎవరైనా మిమ్మల్ని పోటీ వల్ల లాభమేంటి అని అడిగితే ఈ కథ చెప్పండి.

2008 జూన్. ఎన్విడియా రెండు కార్డులు దించింది. జీటీఎక్స్ 280 ధర 649 డాలర్లు, జీటీఎక్స్ 260 ధర 399 డాలర్లు. అదే నెలలో ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 4870ను 299 డాలర్లకు, హెచ్‌డీ 4850ను 199 డాలర్లకు దించింది. 299 డాలర్ల కార్డు 399 డాలర్ల కార్డుతో భుజం భుజం కలిపి నిలబడింది, కొన్ని గేమ్‌లలో దాటిపోయింది. నెల తిరిగేలోపు ఎన్విడియా జీటీఎక్స్ 280ని 499కి, జీటీఎక్స్ 260ని 299కి తగ్గించింది. నాలుగైదు వారాల్లో 150 డాలర్లు, 100 డాలర్లు కోత! ముందే కొన్నవాళ్లు గొడవ చేస్తే కొన్ని కార్డు కంపెనీలు తేడా డబ్బు వెనక్కి ఇచ్చాయి.

ఏఎండీకి అది ఎలా సాధ్యమైంది? దానధర్మం కాదు. ఎన్విడియా చిప్ సైజు 576 చదరపు మిల్లీమీటర్లు. ఏఎండీ చిప్ 256. ఈ చిప్‌లన్నీ గుండ్రటి సిలికాన్ పలక మీద ముద్రించి, తర్వాత ముక్కలు కోస్తారు. ఒకే సైజు పిండితో పెద్ద చపాతీలు చేస్తే ఎన్ని వస్తాయి, చిన్న పూరీలు చేస్తే ఎన్ని వస్తాయి? అదే లెక్క. పైగా పెద్ద చిప్‌లో ఎక్కడో ఒకచోట లోపం తగిలే అవకాశం ఎక్కువ. ఏఎండీకి ఒక్కో చిప్ ఖర్చు తక్కువ పడింది కాబట్టి తక్కువకు అమ్మి కూడా నిలబడగలిగింది. ఆ రోజుల్లో ఏఎండీ గ్రాఫిక్స్ సాంకేతిక బాధ్యతలు చూసినవాళ్లలో రాజా కోడూరి ఒకరు.

ఇక్కడ అసలు పాయింట్ పట్టుకోండి. ఇద్దరు అమ్మకందారులు ఉన్నంత మాత్రాన రేటు దిగలేదు. రెండోవాడి దగ్గర దాదాపు అంతే మంచి సరుకు ఉండి, తక్కువ ఖర్చుతో చేయగలిగి, మొదటివాడి కస్టమర్‌ను లాక్కోవాలనే పట్టుదల ఉన్నప్పుడే దిగింది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తగ్గినా ఏమవుతుందో ముందు ముందు చూస్తాం.

ఆ గెలుపు తర్వాత కూడా ఏఎండీ దగ్గర డబ్బు లేదు. 5.4 బిలియన్ డాలర్లు పెట్టి ఏటీఐని కొన్న భారం ఇంకా నెత్తి మీదే ఉంది. అందుకే 2009 జనవరిలో ఫోన్ల గ్రాఫిక్స్ విభాగాన్ని క్వాల్‌కామ్‌కు 65 మిలియన్ డాలర్లకు అమ్మేసింది. మీ ఫోన్‌లో స్నాప్‌డ్రాగన్ ఉంటే దాని గ్రాఫిక్స్ చిప్ పేరు ఏంటో తెలుసు కదా, అడ్రినో. ఆ పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, అక్షరాలు అటూ ఇటూ మార్చండి. రేడియాన్ వస్తుంది! కార్డుల యుద్ధంలో అప్పులపాలైన కంపెనీ అమ్ముకున్న ఆస్తి వారసత్వం ఇవాళ మీ జేబులో ఉంది.

డబ్బు లేకపోతే పరిశోధన మీద ఖర్చు తగ్గుతుంది, తర్వాతి చిప్ లేటవుతుంది. అలాగే అయింది. 2013లో ఆపిల్ నుంచి ఏఎండీకి తిరిగొచ్చిన రాజా కోడూరి 2015 నుంచి దాని గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపారు. ఆయన ఉన్నప్పుడు 2017 ఆగస్టులో వేగా 64 వచ్చింది, 499 డాలర్లు. అది సమానంగా నిలబడింది జీటీఎక్స్ 1080తో. ఆ కార్డు 2016 మేలోనే వచ్చేసింది. అప్పటికి ఎన్విడియా దగ్గర ఇంకా పైమెట్టు, జీటీఎక్స్ 1080 టీఐ, 699 డాలర్లకు ఉంది. దాని పక్కకు వెళ్లే కార్డు ఏఎండీ దగ్గర లేదు. ఫలితం 2018 సెప్టెంబర్‌లో కనిపించింది. ఆర్‌టీఎక్స్ 2080 టీఐ మొదలు ధర 999 డాలర్లు, ఎన్విడియా సొంతంగా అమ్మిన కార్డు 1,199. కొత్త టెక్నాలజీ ఉంది, చిప్ కూడా పెద్దది, నిజమే. కానీ పై మెట్టు మీద ఎదురుగా ఎవరూ లేరన్నదీ నిజమే.

కింది మెట్ల మీద మాత్రం పోటీ బతికే ఉంది. 2019 జూన్‌లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీని 449 డాలర్లని ప్రకటించింది. ఎన్విడియా వెంటనే సూపర్ అనే పేరుతో మెరుగైన కార్డులు ప్రకటించింది. ఏఎండీ అమ్మకానికి రెండు రోజుల ముందు తన రేటును 399కి దించింది. 2020 జనవరిలో ఏఎండీ 279 డాలర్ల ఆర్‌ఎక్స్ 5600 ఎక్స్‌టీ తెస్తుంటే, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 2060ని 349 నుంచి 299కి తగ్గించింది. అంటే 2008 నాటి సూత్రం ఎక్కడ పనిచేసే పరిస్థితి ఉంటే అక్కడ పనిచేస్తూనే ఉంది.

తర్వాత 2020, 2021. మీలో చాలామందికి గుర్తుండే కాలం. ఆర్‌టీఎక్స్ 3080 ధర 699 డాలర్లని ప్రకటించారు, ఏఎండీ ఆర్‌ఎక్స్ 6800 ఎక్స్‌టీ 649. కాగితం మీద మంచి పోటీ. కానీ ఆ రేటుకు దొరికితే కదా! కోవిడ్ వల్ల ఇళ్లలో గిరాకీ పెరిగింది, ఫ్యాక్టరీల్లో చిప్‌ల కొరత, వీటికి తోడు ఎథీరియం మైనింగ్ చేసేవాళ్లు కార్డులను మూటలకు మూటలు పట్టుకుపోయారు. బయట రేటు రెట్టింపు దాకా పోయింది. సరుకే లేనప్పుడు పోటీ రేటు దించలేదు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారింది. ఆ గిరాకీ ఒక్కసారిగా పడిపోయింది.

అప్పుడైనా రేట్లు కిందికి వచ్చాయా? అదే నెలలో ఎన్విడియా కొత్త తరం ప్రకటించింది. ఆర్‌టీఎక్స్ 4080 అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు కార్డులు, ఒకటి 1,199 డాలర్లు, ఇంకోటి 899. రెండోది పేరుకే 4080, లోపల చిప్ చిన్నది. జనం ఊరుకోలేదు. అక్టోబర్ 14న ఎన్విడియా ఆ చిన్న కార్డును వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే 4070 టీఐ అనే పేరుతో, 799 డాలర్లకు వచ్చింది. కొనేవాళ్ల గోల విలువ వంద డాలర్లు అన్నమాట! ఇక పెద్ద 4080కి ఎదురుగా ఏఎండీ 7900 ఎక్స్‌టీఎక్స్ తెచ్చింది, 999 డాలర్లకు. 2024 జనవరిలో ఎన్విడియా 4080 సూపర్‌ను అదే 999కి తెచ్చింది. పోటీ పనిచేసింది, కానీ ఏడాది పట్టింది. 2008లో నెల పట్టిన పని ఇది. అప్పుడు ఏఎండీ మార్కెట్ లాక్కోవడానికి వచ్చింది. ఇప్పుడు పక్కవాడి రేటు చూసి దానికి కాస్త కింద కూర్చుంది.

మరి మూడోవాడు వస్తే? వచ్చాడు. ఇంటెల్. 2017 నవంబర్‌లో రాజా కోడూరి ఏఎండీ వదిలి ఇంటెల్‌లో చేరారు. 2019 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఇంటెల్ డిజైన్ సెంటర్ ప్రారంభానికి కూడా ఆయన వచ్చారు. ఆర్క్ ఏ770 కార్డు 2022 అక్టోబర్‌లో 329 డాలర్లకు వచ్చింది. హార్డ్‌వేర్ బాగానే ఉంది, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇబ్బంది పెట్టింది. పాత గేమ్‌లు సరిగా నడవలేదు. ముప్పై ఏళ్లుగా ఒక్కో గేమ్‌కు సరిచేసుకుంటూ వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కొత్తవాడు ఒక్క ఏడాదిలో రాయలేడు. ఈ రంగంలోకి కొత్త కంపెనీ రాకపోవడానికి పెద్ద కారణం ఇదే. ఆయన 2023లో ఇంటెల్ వదిలారు. అయినా ఇంటెల్ ఆగలేదు. 2024 డిసెంబర్‌లో ఆర్క్ బీ580ని 249 డాలర్లకు, 12 జీబీ మెమరీతో దించింది.

ఇప్పటిదాకా డాలర్లలో మాట్లాడుకున్నాం. మనం కట్టేది రూపాయలు. ఒక చిన్న లెక్క చూద్దాం. 2008 జూన్‌లో డాలర్ సుమారు 43 రూపాయలు. 299 డాలర్లంటే దాదాపు 12,900. 2023 జూన్‌లో ఆర్‌టీఎక్స్ 4060 కూడా 299 డాలర్లకే వచ్చింది. అప్పటికి డాలర్ సుమారు 82. అంటే 24,500. దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 29 వేల దగ్గరికి పోయింది. డాలర్ రేటు అదే, మన జేబుకు చిల్లు రెట్టింపు పైన. ఇంకోటి, 2008లో ఆ 299 డాలర్లకు వచ్చింది దాదాపు పైమెట్టు కార్డు. 2023లో వచ్చింది కింది మెట్టు కార్డు. కాబట్టి పోటీ ఒక్కటే అన్నీ చెప్పదు. రూపాయి విలువ, పన్ను, చిప్ తయారీ ఖర్చు, అన్నీ ఉన్నాయి. కానీ వీటన్నిటిలో కంపెనీ చేతిలో ఉన్నది తన లాభం ఒక్కటే. దాన్ని తగ్గించుకునేలా చేసేది పోటీ మాత్రమే.

ఇప్పుడు చందనవెల్లికి వద్దాం. 2020 నవంబర్‌లో అమెజాన్ వెబ్ సర్వీసెస్ తెలంగాణలో 20,761 కోట్ల రూపాయలతో డేటా సెంటర్లు పెడతామని ప్రకటించింది. 2023 జనవరిలో ఆ అంకెను 2030 నాటికి 36,300 కోట్లకు పెంచింది. ఆ డేటా సెంటర్ల స్థలాల్లో ఒకటి షాబాద్ మండలంలోని చందనవెల్లి. హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో మొదలైంది. అంటే షాబాద్ కుర్రాడు కార్డు కోసం సీటీసీకి పోతుంటే, కంప్యూటింగ్ శక్తిని గంటల లెక్కన అద్దెకిచ్చే వ్యాపారం మాత్రం అతని మండలానికే వచ్చింది.

దీనికీ కార్డు రేటుకీ సంబంధం ఏంటి? 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో ఎన్విడియాకు డేటా సెంటర్ల నుంచి వచ్చిన ఆదాయం సుమారు 115 బిలియన్ డాలర్లు. గేమింగ్ నుంచి వచ్చింది సుమారు 11 బిలియన్. పదింతల తేడా! ఎన్విడియా, ఏఎండీ రెండూ ఇప్పుడు తమ ముఖ్యమైన చిప్‌లు చేయించుకునేది తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ దగ్గరే. ఆ ఫ్యాక్టరీలో దొరికే సిలికాన్ పలకలకు లెక్క ఉంటుంది. అదే పలక మీద ఏఐ చిప్ కోస్తే వేల డాలర్లు, గేమింగ్ చిప్ కోస్తే వందల డాలర్లు. మీరే ఓనర్ అయితే దేనికి ఇస్తారు? సొంత కార్డుల మార్కెట్‌లో ఎన్విడియా వాటా 80 శాతం దాటి ఉండటానికి, దాన్ని లాక్కోవడానికి ఏఎండీ ప్రాణం పెట్టి పోరాడకపోవడానికి కారణం ఇక్కడ ఉంది. అసలు యుద్ధం వేరే మైదానానికి మారింది.

అయితే కొత్త మైదానంలో కూడా పాత సూత్రమే. అక్కడ కొనేవాళ్లు కోట్లమంది కాదు, కొన్ని పెద్ద కంపెనీలు. ఒక్కడి మీదే ఆధారపడితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. అందుకే గూగుల్ టీపీయూ పేరుతో, అమెజాన్ ట్రేనియం పేరుతో సొంత చిప్‌లు చేసుకుంటున్నాయి. వాళ్ల దగ్గర డబ్బుంది కాబట్టి రెండో షాపు వాళ్లే తెరుచుకున్నారు. షాబాద్ కుర్రాడు తెరుచుకోలేడు కదా.

అతని చేతిలో ఉన్నది ఒక్కటే, ఎంచుకోవడం. మన దగ్గర ఎరుపు టీమ్, ఆకుపచ్చ టీమ్ అని హీరోల ఫ్యాన్స్ లాగా కొట్టుకునేవాళ్లు ఉన్నారు. పక్క కంపెనీ మూతపడాలని కోరుకుంటారు. 3డీఎఫ్ఎక్స్ మూతపడ్డాక, వేగా లేటయ్యాక ఏం జరిగిందో ఇప్పుడే చూశాం. మీరు ఎన్విడియా కార్డే కొంటారనుకోండి, దాని రేటు తగ్గాలంటే ఏఎండీ బాగుండాలి, ఇంటెల్ బాగుండాలి. వాళ్లు పోతే నష్టపోయేది మీరే. అందుకే కొనేముందు మీ బడ్జెట్‌లో మూడు కంపెనీల కార్డులూ పక్కపక్కన పెట్టి చూడండి. మీరు వాడే సాఫ్ట్‌వేర్ ఎందులో సరిగ్గా నడుస్తుందో చూడండి. కొత్త తరం ప్రకటించిన వారంలో తొందరపడకండి, ఎదుటి కంపెనీ జవాబు వచ్చేదాకా ఆగండి. 2008లో నెల ఆగినవాళ్లకు 150 డాలర్లు మిగిలాయి.

వచ్చే ఎపిసోడ్‌లో ఫోన్ల చిప్‌ల గురించి మాట్లాడుకుందాం. అక్కడ కూడా ఇలాంటి కథే ఉంది, పాత్రలు వేరు. అప్పటిదాకా ఉంటాను. నమస్తే.